హెడ్‌సెట్‌లో గోల ఎక్కడిదో తేల్చుకోండి, నోటీసు తర్వాత

సందేహం: లాయరు గారూ, నాలుగు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 7.1 సరౌండ్ సౌండ్ వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ కొన్నాను. మొదటి వారం నుంచే చెవిలో సన్నగా బుస్సుమనే శబ్దం, మధ్యమధ్య చిటపటలు. నాతో ఆడేవాళ్లకు నా గొంతు కంటే వెనకాల గోలే ఎక్కువ వినిపిస్తోందట. రిటర్న్ గడువు దాటిందని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. సర్వీస్ సెంటర్ వాళ్లు పది రోజులు ఉంచుకుని 'లోపం ఏమీ లేదు, మీ గదిలో వైఫై వల్ల వస్తోంది' అని తిప్పి పంపారు. నేను ఆటలు లైవ్ స్ట్రీమ్ చేసి కాస్త సంపాదిస్తాను, కాబట్టి నేను అసలు వినియోగదారుణ్ణే కాదని కూడా అంటున్నారు. విప్పి బాగుచేయించుకోవాలా, కేసు వేయాలా?

జవాబు: ముందు ఆ విప్పే ఆలోచన మానుకోండి. వారంటీ ఉండగా హెడ్‌సెట్ మీరు విప్పినా, బయట ఎవరితో విప్పించినా, రేపు అవతలివాళ్లు మొట్టమొదట అనేది 'మీరే పాడుచేశారు' అని. దానికి బదులు చెప్పడం చాలా కష్టం.

కేసు వేయవచ్చు. అయితే అది నిలబడుతుందా లేదా అన్నది ఒక్క విషయం మీద ఉంటుంది: శబ్దం హెడ్‌సెట్‌లోనే పుడుతోందా, మీ కంప్యూటర్ నుంచో గది నుంచో వస్తోందా? వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) 'లోపం' అంటే ఏమిటో చెబుతుంది. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోయినా, అమ్మేవాళ్లు తామే చెప్పుకున్న స్థాయి లేకపోయినా అది లోపమే. కానీ ఆ లోపం వస్తువులో ఉండాలి, సర్వీస్ సెంటర్ వాళ్లు వైఫై పేరెత్తింది అందుకే. వాళ్ల మాట పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు కూడా. కాబట్టి కోపంతో కొట్టిపారేయకుండా ఒక్కొక్కటీ పరీక్షించి చూడండి, శబ్దం పోగొట్టుకోవడానికి మీరు చేసే పనులే రేపు మీ సాక్ష్యం అవుతాయి.

చిటపటలతో మొదలుపెడదాం. డాంగిల్‌తో (కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవర్‌తో) వచ్చే వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (రేడియో తరంగాల పరిధిలో) పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ మౌస్ కూడా ఆ బ్యాండ్‌నే వాడుకుంటాయి. చాలామందికి తెలియని ఇంకో సంగతి ఏమిటంటే యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు, వాటి కేబుళ్లు కూడా సరిగ్గా ఈ బ్యాండ్‌లోనే రేడియో గోల చేస్తాయి, డాంగిల్ వాటి పక్కనే ఉంటే సిగ్నల్ తెగుతూ అతుకుతూ వస్తుంది. డాంగిల్‌ను సీపీయూ వెనక నుంచి తీసి, ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బల్ల మీదికి, హెడ్‌సెట్‌కు ఎదురుగా తెచ్చుకోండి. వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. కంప్యూటర్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి, లేదా పది నిమిషాలు రూటర్ పూర్తిగా ఆపేసి వినండి. చిటపటలు ఆగిపోతే సంతోషం, ఆ ఒక్క ఫిర్యాదు వరకు వదిలేయడమే మంచిది. ఒక్క మినహాయింపు ఉంది. పెట్టె మీదో ప్రకటనలోనో 'ఎలాంటి అంతరాయం ఉండదు' అనో, ఇన్ని మీటర్ల దూరం వరకు పనిచేస్తుందనో రాసి ఉండి, మీ బల్ల దగ్గరే తెగిపోతుంటే, వాళ్లు చెప్పుకున్న స్థాయి లేదన్న వాదన మీకు మిగిలే ఉంటుంది.

ఇక బుస్సుమనే శబ్దం. మీ కేసులో బలమైన పాయింట్ ఇదే. ఇలాంటి హెడ్‌సెట్లలో సిగ్నల్ డిజిటల్‌గా వెళుతుంది. దానికి వైఫై అడ్డుపడితే మాట తెగుతుంది, చిటపటమంటుంది, కాసేపు మూగబోతుంది. ఆగకుండా ఒకే తీరుగా వినిపించే బుస మామూలుగా అలా రాదు, అది హెడ్‌సెట్ లోపలి ఆంప్లిఫయర్ నుంచో, మైకు గెయిన్ (మైకు అందుకున్న శబ్దాన్ని పెంచే స్థాయి) నుంచో వస్తుంది. అందుకే రూటర్ ఆపండి, కంప్యూటర్‌లో ఏ ఆడియో నడవకుండా చూడండి, వాల్యూమ్ సున్నాకు దించండి, సైడ్‌టోన్ అనే సెట్టింగ్ (మీ గొంతు మీకే వినిపించేది) ఆపేయండి. ఇన్ని చేశాక కూడా బుస అలాగే ఉంటే 'వైఫై వల్ల' అన్న జవాబు నిలబడటం కష్టం. డాంగిల్‌ను వేరే ఇంట్లో, వేరే కంప్యూటర్‌కు పెట్టి, బుస అక్కడా ఉందేమో వినండి. తర్వాత మీ కంప్యూటర్‌కు వేరే హెడ్‌సెట్ పెట్టి చూడండి, అక్కడ బుస ఉండి, ఇక్కడ వేరే హెడ్‌సెట్ నిశ్శబ్దంగా ఉంటే ఈ రెండు పరీక్షలూ కలిసి మీ తరఫున చాలా గట్టిగా మాట్లాడతాయి.

వైరు హెడ్‌సెట్ వాడేవాళ్లు కూడా ఇలాగే రాస్తుంటారు కాబట్టి వాళ్లకోసం రెండు మాటలు. లాప్‌టాప్ చార్జర్ పీకగానే గుయ్యిమనే శబ్దం పోతే అది ఎర్తింగ్ సమస్య, హెడ్‌సెట్ మీద కేసు వేయకండి. డెస్క్‌టాప్ ముందువైపు జాక్‌లో గోల ఉండి, వెనకవైపు జాక్‌లో లేకపోతే తప్పు కేబినెట్ వైరింగ్‌ది.

మైకు విషయంలో మాత్రం తొందరపడకండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైక్రోఫోన్ బూస్ట్ 20, 30 డెసిబెల్స్‌లో ఉంటే ఫ్యాను, కీబోర్డు, పక్కగది మాటలు అన్నీ వెళ్లిపోతాయి. బూస్ట్ సున్నా చేసి, మైకును నోటి చివరకు రెండు వేళ్ల దూరంలో పెట్టి, నాయిస్ సప్రెషన్ (వెనకాల గోలను తగ్గించే సెట్టింగ్) ఒక్క చోటే ఆన్ చేసి రికార్డు చేయండి. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, చాట్ యాప్‌లో ఇంకొకటి ఆన్‌లో ఉంటే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. సరౌండ్ కూడా ఇంతే: హెడ్‌సెట్ 7.1, విండోస్ సోనిక్ (విండోస్‌లోనే ఉండే సరౌండ్), ఆటలోని సరౌండ్ మూడూ ఒకేసారి నడిస్తే ప్రతిధ్వని, డొల్ల శబ్దం వస్తాయి. ఒక్కటే ఉంచండి. మీరు అడగలేదు గానీ, ఇలాంటి చాలా హెడ్‌సెట్లలో ఉండేవి రెండే స్పీకర్లు, 7.1 అనేది సాఫ్ట్‌వేర్ కల్పించే అనుభూతి. పెట్టె మీద 'వర్చువల్' అని స్పష్టంగా రాసి ఉంటే దాన్ని మోసం అనలేం. ఏడెనిమిది స్పీకర్లు నిజంగా ఉన్నాయని రాసి ఉంటే అది తప్పుదారి పట్టించే ప్రకటన, దాన్ని ఫిర్యాదులో విడిగా రాయాలి.

ఈ పరీక్షలన్నీ వీడియో తీయండి. కత్తిరింపులు లేకుండా, హెడ్‌సెట్ సీరియల్ నంబరు, తేదీ, రూటర్ ఆపి ఉండటం అన్నీ ఒకే వీడియోలో కనిపించాలి. అసలు ఫైలును ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీ మీద ఆధారపడకండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లో ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు సెక్షన్ 63 కింద ఒక ధ్రువీకరణ సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది, వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య నియమాలను అంత బిగించి చూడకపోయినా అది జత చేయడమే క్షేమం.

ఇప్పుడు వాళ్ల వాదనల సంగతి. రిటర్న్ గడువు అనేది అమ్మేవాళ్లు పెట్టుకున్న పాలసీ, అది దాటితే చట్టం ఇచ్చిన హక్కు పోదు. లోపం ఉన్న వస్తువును, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలే చెబుతున్నాయి. ఆ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి కస్టమర్ కేర్‌తో ఫోన్లో పోట్లాడటం ఆపి, ఆ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి. అలాగే 'లోపం లేదు' అన్న మాట సర్వీస్ సెంటర్ నుంచి జాబ్ షీట్ (రిపేరు వివరాలు రాసిచ్చే కాగితం) మీద రాతపూర్వకంగా తీసుకోండి. ఏ పరీక్ష చేసి తేల్చారో కూడా రాయమనండి, రాయకపోతే రాయలేదని మెయిల్‌లో పెట్టండి. అదీ పనికొస్తుంది.

స్ట్రీమింగ్ వల్ల మీరు వినియోగదారు కాకుండా పోరు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలో స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొని తనే వాడుకున్న వస్తువును 'వాణిజ్య అవసరం' నుంచి మినహాయించారు. గదిలో కూర్చుని మీ హెడ్‌సెట్‌తో మీరే ఆడి సంపాదించుకుంటున్నారు, పైగా సరదాకూ వాడుకుంటున్నారు. ఇరవై సీట్ల గేమింగ్ సెంటర్ పెట్టి, జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నవాళ్లకైతే ఈ జవాబు చెప్పను.

మెయిల్ రాశాక నెల దాటినా పని కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, చాలా గొడవలు అక్కడే తెమిలిపోతాయి. అక్కడా తేలకపోతే ఒక నోటీసు ఇచ్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అమ్మకందారును, ప్లాట్‌ఫామ్‌ను, తయారీదారునో దిగుమతిదారునో, సర్వీస్ సెంటర్‌ను అందరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారు. గడువు, సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. మీకు బాగా టైముంది గానీ వారంటీ అయిపోయేదాకా ఆగకండి.

పరీక్ష చేయకుండా లోపం తేలదనిపిస్తే అదే చట్టం సెక్షన్ 38 కింద కమిషనే వస్తువును ల్యాబ్‌కు పంపవచ్చు, దాని ఖర్చు ముందుగా మిమ్మల్ని కట్టమనవచ్చు. హెడ్‌సెట్, డాంగిల్, పెట్టె, బిల్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచమనడం అందుకే. ఫిర్యాదులో మార్పిడి లేదా డబ్బు వాపసు, తిరిగిన ఖర్చు, మానసిక వేదనకు ఓ మోస్తరు పరిహారం అడగండి. హెడ్‌సెట్ ధరకు యాభై రెట్లు అడిగితే కమిషన్ దృష్టి మీ బుస మీద నుంచి మీ ఆశ మీదికి మళ్లుతుంది. ఈ ఆదివారం రూటర్ ఆపి మొదటి వీడియో తీయండి, బుస అలాగే ఉంటే ఆ రాత్రికే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి.