వ్యాలీ లీకేజీ: సీలెంట్ వద్దు, ముందు రేకు చూడండి

రెండు వాలు కప్పులు కలిసే మూలలో, అంటే వ్యాలీలో, పెద్ద వానకే కారుతోందని, రెండుసార్లు సీలెంట్ (సందులు మూసే జిగురు లాంటిది) పూసినా ఆగలేదని మీరు రాశారు. దయచేసి మూడోసారి పూయకండి. పెంకుల అంచులు మూసేస్తే లోపలికి చేరిన నీళ్లు బయటికొచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

వ్యాలీలోకి రెండు వైపుల నీళ్లూ వచ్చి పడతాయి. అక్కడ ఆకులు, మట్టి పేరుకుంటే ఆనకట్టలా అడ్డుపడి, నీళ్లు పక్కకు ఎగదన్ని పెంకుల కిందికి పోతాయి. చిన్న వానకు కారట్లేదంటే నాకు మొదటి అనుమానం దీని మీదే. చెత్త తీసేశాక పైపుతో నీళ్లు పట్టి చూడండి. కింది చివర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి జరగాలి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. అదే సమయంలో ఇంకొకరు లోపల టార్చ్‌తో చూస్తుండాలి. సీలింగ్ మీద మరక ఉన్నచోటే పైన చిల్లు ఉంటుందనుకోకండి. నీళ్లు చెక్క వెంట జారి ఎక్కడో దూరంగా చుక్కలు పడతాయి.

వ్యాలీ పొడవునా నీళ్లు పారేందుకు పరిచిన రేకుకు తుప్పు పట్టి చిల్లులు పడితే అతుకులు వేయడం వృథా. రెండు పక్కల పెంకులు తీయించి, కింద వాటర్‌ప్రూఫ్ షీట్ పరిచి కొత్త రేకు వేయించండి. పని కింది నుంచి పైకి జరగాలి, పై ముక్క కింది ముక్క మీదికి కనీసం 15 సెంటీమీటర్లు రావాలి. నీళ్లు పారే మధ్య భాగంలో ఒక్క మేకు కూడా కొట్టనివ్వకండి, దగ్గరుండి చూసుకోండి.

తడి కప్పు మీదికి మాత్రం ఎక్కొద్దు. ఎండాకే పని మొదలుపెట్టండి.