ఫిరంగికి నిలవని బురుజు ఇళ్లు ఎందుకు కట్టుకున్నారు?

ఫిరంగులు వచ్చేశాక కూడా స్కాట్లండ్, ఇంగ్లండ్ సరిహద్దులోని భూస్వాములు ఇరుకైన రాతి బురుజుల్లో కాపురం పెట్టడం తెలివితక్కువ పని కాదా అని కొందరు అడుగుతుంటారు. ఆ ప్రాంతానికి అంతకంటే తెలివైన ఇల్లు లేదని నేను నమ్ముతాను. అక్కడివారికి ఏటేటా ఎదురయ్యే శత్రువు సైన్యం కాదు. రాత్రిపూట గుర్రాల మీద వచ్చి పశువులను తోలుకుపోయే దోపిడీ ముఠా. చుట్టుపక్కల వాళ్లు మేలుకుని వెంటపడతారు గనుక ఆ ముఠా ఎక్కువసేపు నిలవదు. ఆ కొన్ని గంటలు తలుపు గట్టిగా ఉంటే చాలు.

ఎడిన్‌బరోలో ఉంటున్న నేను సరిహద్దు ప్రాంతంలోని కెల్సో ఊరి దగ్గరి స్మెయిల్‌హోమ్ బురుజు లోపలికి వెళ్లాకే ఇది స్పష్టంగా అర్థమైంది. ప్రింగిల్ కుటుంబం నల్లరాతి గుట్ట మీద కట్టుకున్న ఇల్లు అది. ఎత్తు దాదాపు 20 మీటర్లు. కింద కమాను కప్పున్న కొట్టు, పైన భోజనశాల, ఆపైన పడకగదులు. సన్నటి మెలిక మెట్ల మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. నన్ను కదిలించింది మాత్రం పైకప్పు అంచున ఉన్న కాపలావాడి రాతి పీట. పక్కనే లాంతరు పెట్టుకునే గూడు కూడా ఉంది. చలిగాలిలో రాత్రంతా కూర్చునే మనిషి గురించి కట్టినవాళ్లు ఆలోచించారు.

1535లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన చట్టం చూడండి. 100 పౌండ్ల విలువైన భూమి ఉన్న ప్రతి సరిహద్దు భూస్వామీ 60 అడుగుల చదరంలో ప్రహరీ కట్టాలని అది ఆదేశించింది. ఆపదలో ఆయనతో పాటు కౌలు రైతులూ వాళ్ల సొత్తూ అందులో తలదాచుకోవాలి. బురుజు మాత్రం ఆయన ఇష్టం. అంటే అసలు రక్షణ ఆ ప్రహరీదే. ఈ రోజు చాలాచోట్ల అది కూలిపోయి బురుజు ఒక్కటే మిగలడం వల్ల మనకు బొమ్మ సగమే కనిపిస్తోంది.

నిజంగా సైన్యమే వస్తే బురుజు నిలవదని ఆ భూస్వాములకూ తెలుసు. 1544, 1545లో ఇంగ్లండ్ సేనలు ఈ ప్రాంతాన్ని తగలబెట్టాయి. అలాంటప్పుడు కొందరు ఇంటి నిండా రగిలే పీట్ గడ్డలు (చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టి వంటచెరకుగా వాడే మట్టి గడ్డలు) నింపి కొండల్లోకి వెళ్లిపోయేవారు. లోపల నిప్పు ఉండగా శత్రువు మందుగుండు పెట్టి పేల్చలేడు.

1603లో రెండు రాజ్యాలకూ ఒకే రాజు వచ్చాక ఈ అవసరం క్రమంగా తీరిపోయింది.

మీరు వెళ్తే గోర్డన్ ఊరి దగ్గరి గ్రీన్‌నో బురుజు కూడా చూడండి. 1581 నాటిది. ఇనుప కడ్డీలను ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన తలుపు అక్కడ ఇంకా ఉంది.