పళ్లసెట్టు మెత్తటి పొర ఊడితే పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా అమ్మగారి కింది పళ్లసెట్టు ఒరుసుకుంటోందని తిరుపతిలో ఒక దంతవైద్యుడు లోపల మెత్తటి లైనింగ్ వేసి, శాశ్వతంగా ఉంటుందని రూ.9,000 తీసుకున్నారు. ఏడు నెలలకే అది గట్టిపడి అంచున లేచింది. ఆమె సంగటి కూడా తినలేకపోతోంది. లైనింగ్ వేయించి 22 నెలలైంది. బిల్లు లేదు. తెలిసినవారితో పాత తేదీ వేసి గ్యారంటీ కాగితం రాయించి కేసు వేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ కాగితం పుట్టిన క్షణం మీరు ఫిర్యాదుదారు కాదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ నిందితుడు అవుతారు.

ఈ కేసు తేలేది ఒక్క అంశం మీద: వేసిన పదార్థం ఏది, దాని ఆయుష్షు గురించి మీకు ఏం చెప్పారు. అక్రిలిక్ లైనింగ్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ లాలాజలంలోకి కొద్దికొద్దిగా పోతుంది కనుక కొన్ని నెలలకు గట్టిపడటం దాని గుణమే, అదొక్కటే నిర్లక్ష్యం అనిపించుకోదు. సిలికాన్ ఇంకా ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది, కాకపోతే సెట్టును పట్టుకున్న అంచులు లేస్తాయి. అక్రిలిక్ వేసి శాశ్వతమని చెప్పి ఉంటే మాత్రం సేవాలోపం కిందికి వస్తుంది. 1995లో వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యసేవను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చింది.

తొమ్మిది వేలు ఇచ్చి బిల్లు అడగకపోవడం మీ అజాగ్రత్తే. ఫోన్ ద్వారా చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి, చికిత్స రికార్డు నకలు రాతపూర్వకంగా అడగండి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త లైనింగ్ కోసం పాతదాన్ని గీకించవద్దు, ఎందుకంటే మీ సాక్ష్యం ఆ పొరే. మరో దంతవైద్యునితో పదార్థం ఏమిటో, ఎక్కడ లేచిందో రాయించి, ఫొటోలు తీయించి, ఆ సెట్టును మూతగల డబ్బాలో చల్లటి నీటిలో ఉంచండి; అమ్మగారికి వేరే సెట్టు చేయించండి. వేడినీటితో కడిగారా, గట్టి బ్రష్‌తో రుద్దారా, బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టారా అని ఎదుటివారు తప్పక అడుగుతారు. అలా ఏదైనా చేసి ఉంటే మీ న్యాయవాదికి ముందే చెప్పండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు గడువు రెండేళ్లు. లోపం బయటపడిన నాటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడకండి, వేసిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే మీకు మిగిలింది రెండు నెలలు. నోటీసులు పంపుకుంటూ కూర్చుంటే ఈ గడువు పెరగదు. నోటీసుకు 15 రోజులిచ్చి, ఆ లోగానే ఫిర్యాదు సిద్ధం చేసి, జవాబు రాకపోతే తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేయండి, సేవకు మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపు అయితే ఫిర్యాదు ఫీజు లేదు.