మీవారికి పరీక్ష చేయించారా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మేనబావతో పెళ్లయింది. మూడేళ్ల బాబు హుషారుగానే ఉంటాడు. ఇప్పుడు మళ్లీ గర్భం, 11వ వారం. హిమోగ్లోబిన్ 9.8 ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ ఐరన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. టౌన్‌లో పరీక్ష చేసి తలసీమియా మైనర్ అన్నారు. రక్తం పెరగడానికి ఏం తినాలి?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దామమ్మా. మీవారికి రక్తపరీక్ష చేయించారా? మీరు రాసినదాంట్లో ఆ ఊసే లేదు.

మీ రిపోర్టులో ఎర్ర కణాలు 55 లక్షలు, ఎంసీవీ (ఎర్ర కణం సగటు సైజు) 64, హెచ్‌బీ ఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) 5.4 శాతం. ఐరన్ లోపమైతే సాధారణంగా కణాల సంఖ్యా తగ్గుతుంది. మీకు సంఖ్య నిండుగా ఉంది, సైజే చిన్నది. ఏ2 కూడా 3.5 దాటింది కాబట్టి మైనరే అనిపిస్తోంది. దాంతో మీకు పెద్ద ఇబ్బందేమీ ఉండదు.

తలసీమియా అంటే హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసును తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. మీకు అందులో ఒకటి లోపంతో వచ్చింది, రెండోది పని నెట్టుకొస్తోంది. ఇదే మైనర్. రెండూ లోపంతో వస్తే మేజర్. మీవారికి రెండూ బాగుంటే బిడ్డకు మహా అయితే మీలాగే మైనర్ వస్తుంది. ఆయనదీ మైనరే అయితే మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. మేజర్ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. మొదటి బాబు బాగున్నాడన్న ధీమా వద్దు, ప్రతి కాన్పుకూ ఈ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా మేనరికం. ఒకే తాతదో నాయనమ్మదో లోపం ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు.

ఆయనకు సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను కొలిచే పరీక్ష) ఈ వారమే చేయించండి. ఆయనకూ ఉందని తేలితే ముందు మీ ఇద్దరి లోపాలేమిటో డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించాలి, దానికి టైమ్ పడుతుంది. ఆ తర్వాతే మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు పరీక్ష చేస్తారు. అది 11–14 వారాల మధ్య. దాటిపోతే 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీటితో చేయొచ్చు. రెండింటిలోనూ గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది కనుక ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డకు వైద్యం చేసే) నిపుణులతో మాట్లాడి నిర్ణయించుకోండి. ‘వచ్చే చెకప్‌లో అడుగుదాంలే’ అనుకునేవాళ్లే చాలాసార్లు 20 వారాలు దాటాక వస్తారు.

ఇక ఆ ఇంజెక్షన్లు. తొలి మూడు నెలల్లో అవి సాధారణంగా ఇవ్వం. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష) చూడకుండా ఎవరు మొదలుపెట్టమన్నారు? వాటిని ఆపి, మీ గైనకాలజిస్టుకు చూపించండి. ఐరన్ లోపం కూడా ఉందని తేలితే మాత్రలు ఆవిడే రాస్తారు. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానకండి. రిపోర్టు చూసి చెబుతున్న మాటే ఇది, మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మాటే ఫైనల్.

ఆకుకూరలు, పప్పు, గుడ్డు మామూలుగా తినండి. వాటితో మైనర్ పోదు. బాబుకూ ఒకసారి పరీక్ష చేయించాలి కానీ, దానికి తొందరేం లేదు.