ఆ జాబితా ఎవరికి హద్దు?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. భావప్రకటన స్వేచ్ఛ గురించి చెప్పి, వెంటనే దాని పరిమితులు వరుసగా చదివేసరికి, ‘ఇన్ని షరతులుంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది సార్?’ అని పిల్లలు అడిగారు. వారికి ఎలా వివరించాలి?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: పిల్లలు అడగవలసిన ప్రశ్నే అడిగారు. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణలో ఇచ్చిన స్వేచ్ఛకు 19(2)లో ఎనిమిది కారణాలపై పరిమితులు పెట్టవచ్చునని ఉంది: దేశ సార్వభౌమత్వ సమగ్రతలు, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, ప్రజాశాంతి, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం. ఆ జాబితా పౌరుడికి ఎంత హద్దో ప్రభుత్వానికీ అంతే హద్దు. దానిలో లేని కారణంతో పౌరుడి నోరు కట్టడానికి వీల్లేదు. ఉన్న కారణమైనా చట్టం ద్వారానే, అదీ సహేతుకంగానే, అమలు చేయాలి.

మన ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, బొంబాయి నుంచి వెలువడే ‘క్రాస్ రోడ్స్’ పత్రికను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వకుండా నిషేధించింది. 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది; ప్రజాశాంతి అనే మాట అప్పటికి జాబితాలో లేదు. మరుసటి ఏడాది మొదటి సవరణతో ఆ మాటను చేర్చారు, అయితే ‘సహేతుకమైన’ అన్న విశేషణమూ అప్పుడే వచ్చి చేరింది. కారణాల జాబితాను బట్టీ పట్టించే ముందు ఈ కథ చెప్పి చూడండి.

తరగతిలో అంతకన్నా బాగా పనికివచ్చేది కేరళ పిల్లల కేసు. మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా, గౌరవంగా నిలబడి మాత్రం ఉన్న ముగ్గురు పిల్లలను 1985లో బడి నుంచి తొలగించారు. 1986లో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన సుప్రీంకోర్టు తీర్పు, గీతం పాడాలన్న విద్యాశాఖ సర్క్యులర్లకు చట్టబలం లేదనీ, తొలగింపు చెల్లదనీ తేల్చింది. మాట్లాడకుండా ఉండడమూ హక్కేనన్నది మీ విద్యార్థులకు కొత్తగా తోచవచ్చు.

ఇక పురికొల్పడం. ఆన్‌లైన్‌లో చికాకు కలిగించే సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను 2015లో కొట్టివేస్తూ, చర్చ, సమర్థన, పురికొల్పడం వేరువేరని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికో చికాకు కలిగిందన్నంత మాత్రాన నేరం కాదు. అయితే సహాధ్యాయి గురించి వాట్సాప్‌లో అబద్ధపు ప్రచారం చేస్తే, పరువునష్టం పరిధిలోకి వస్తుందని కూడా పిల్లలకు తెలియాలి. ఎనిమిది కారణాలూ వరుసగా రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి, కాదనను. కానీ తరగతిలో ఒక్కొక్క సంఘటన ఇచ్చి, ‘ఏ చట్టం, ఏ కారణం, తేల్చేది ఎవరు?’ అని వారితోనే చెప్పించండి.