డిటెక్టివ్ డీ: చరిత్ర ఎంత, కల్పన ఎంత?

నమస్కారమండీ. చెన్నైలోని మన తెలుగు మిత్రులకు 2010 నాటి చైనా చిత్రం ‘డిటెక్టివ్ డీ’ చూపించే ముందు, అందులో చరిత్ర ఏదో కల్పన ఏదో ఎలా చెప్పాలని అడిగారు. 690లో సింహాసనమెక్కి, చైనాలో చక్రవర్తి బిరుదు ధరించిన ఏకైక మహిళగా నిలిచిన వూ జెతియన్, ఆమె కొలువులో మంత్రిగా పనిచేసి 700లో మరణించిన డీ రెన్‌జియే, ఇద్దరూ నిజంగా జీవించినవారే. అపవాదుపై ఆయన చెరసాల పాలైన మాటా వాస్తవమే కనుక, చిత్రంలో వారి మధ్య కనిపించే అపనమ్మకం పూర్తిగా అల్లినది కాదు. మనుషులు ఉన్నట్టుండి భగ్గుమనడం, జింక మాట్లాడడం శుద్ధ కల్పనలు. చిత్రంలోని బ్రహ్మాండమైన బుద్ధ విగ్రహమూ అంతే; అయితే వూ జెతియన్ విరాళమిచ్చిన సుమారు 17 మీటర్ల వైరోచన బుద్ధ విగ్రహాన్ని చైనాలోని లుంగ్‌మెన్ గుహల్లో నేటికీ చూడవచ్చు. పరిచయంలో ఇంతవరకే చెప్పండి, హంతకుడి ఊసెత్తవద్దు.