జపనీస్ సందేహాలు: ‘వెళ్ళాలి’ వేరు, ‘వెళ్ళాలని ఉంది’ వేరు

ప్రశ్న: ‘రేపు నేను ఆస్పత్రికి వెళ్ళాలి’ అన్న వాక్యానికి ‘అషిత బ్యోఇన్ ని ఇకితై దెస్’ అని రాస్తే మాస్టారు కొట్టేశారు. వ్యాకరణం సరిగానే ఉంది కదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వ్యాకరణానికి వంక లేదు. అర్థమే పక్కకు పోయింది. ‘ఇకితై’ అంటే వెళ్ళాలని ఉంది, మనసు పుట్టింది అని. మీకు ఆస్పత్రి మీద మనసు పుట్టలేదు కదా! తప్పనిసరి పనికి ‘ఇకనకెరెబ నరిమసెన్’ అనాలి. తెలుగులో రెండు చోట్లా ‘ఆలి’ వినిపిస్తుంది కాబట్టి ఈ పొరపాటు మనవాళ్ళ దగ్గర ఎక్కువ. రాసే ముందు తెలుగు వాక్యానికి ‘అని ఉంది’ తగిలించి చూడండి. అతకకపోతే ‘తై’ (‘ఇకితై’ చివరి ముక్క) వద్దు. మీకు ఒడియా ఎలాగూ వచ్చు, అందులో అనుకుని చూసినా తేలిపోతుంది: ‘జిబాకు చాహుంఛి’ అయితే ‘తై’, ‘జిబాకు పడిబ’ అయితే కాదు. సిరొంచ వైపు చదువరులు మాత్రం మరాఠీని నమ్ముకోవద్దు, ‘మలా జాయచం ఆహే’ రెండింటికీ చెల్లుతుంది.

ఇంకొక మాట. ‘నాకు వెళ్ళాలని ఉంది’లో ‘నాకు’ ఉంది కదా అని ‘వతషి ని’ అని మొదలుపెట్టకండి. ‘వతషి వ’ అనాలి, లేదా ఆ ముక్కే వదిలేయాలి. వదిలేస్తేనే సహజంగా ఉంటుంది.

ప్రశ్న: ‘తై’ కట్టే పద్ధతి, కాదనడం, జరిగిపోయినదానికి చెప్పడం ఒకచోట వివరించండి.
– ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: క్రియకు ‘మస్’ రూపం (మర్యాదగా చెప్పేది) తీసుకుని, ‘మస్’ తీసేసి ‘తై’ పెట్టండి. తబెమస్ (తింటాను) తబెతై అవుతుంది. నొమిమస్ (తాగుతాను) నొమితై, షిమస్ (చేస్తాను) షితై, కిమస్ (వస్తాను) కితై. దీనికి మినహాయింపులు లేవు. నిఘంటువు రూపానికి అతికిస్తేనే చెడుతుంది: ‘నొముతై’, ‘ఇకుతై’ అనే మాటలు లేవు. ‘తై’ని త, ఇ అని రెండు మాత్రలుగా పలకండి. ‘కైతై’ (కొనాలని ఉంది), ‘కఎరితై’ (ఇంటికి తిరిగి వెళ్ళాలని ఉంది) కలిసిపోకుండా చూసుకోండి.

‘తై’ చేరాక అది క్రియలా మారదు, ‘అకై’ (ఎర్రని) లాంటి విశేషణంలా మారుతుంది. అసలు కిటుకు ఇదే. అందుకే ‘నొమితైమస్’ తప్పు. తాగాలని లేదు: నొమితకునై దెస్. తాగాలనిపించింది: నొమితకత్త దెస్. తాగాలనిపించలేదు: నొమితకునకత్త దెస్. భూతకాలానికి ‘నొమితై దెషిత’ అని రాయడం పరీక్ష పేపర్లలో పదేపదే కనిపించే తప్పు. కాలం మారేది ‘తై’లోనే, ‘దెస్’లో కాదు.

‘నీళ్ళు తాగాలని ఉంది’కి ‘మిజు ఒ నొమితై’, ‘మిజు గ నొమితై’ రెండూ ఒప్పే. నీళ్ళే కావాలి అని నొక్కితే ‘గ’. వెళ్ళే చోటుకు మాత్రం ‘గ’ పెట్టకూడదు: గోపాల్‌పూర్ ని ఇకితై దెస్. పని కాకుండా వస్తువు కావాలంటే ‘తై’ పనికిరాదు, ‘కురుమ గ హొషీ దెస్’ (కారు కావాలి) అనాలి.

ప్రశ్న: ‘తమ్ముడికి జపాన్ వెళ్ళాలని ఉంది’ ఎలా చెప్పాలి? పెద్దవాళ్ళను ‘టీ తాగుతారా’ అని ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ‘ఒతోతొ వ నిహొన్ ని ఇకితై దెస్’ అని ముగించకండి. ఎదుటివాడి మనసులోది మనం తేల్చి చెప్పడం జపనీస్ ఒప్పుకోదు. పైకి కనిపించేది చెప్పాలి: ‘ఇకితగత్తె ఇమస్’. లేదా అతడు అన్నది చెప్పాలి: ‘ఇకితై తొ ఇత్తె ఇమస్’. మొదట్లో రెండోదే పట్టుకోండి, ఎందుకంటే ‘తగరు’ను (మొదటిదానిలోని ‘తగత్తె’కు మూలరూపం) గురువులకు, పై అధికారులకు వాడితే చులకనగా వినిపిస్తుంది.

ఇక టీ సంగతి. ‘నొమితై దెస్ క’ అని పెద్దవాళ్ళను అడగకూడదు. మన ఇంట్లో మాత్రం వచ్చిన చుట్టాన్ని ‘మీకు టీ తాగాలని ఉందా?’ అంటామా? ‘ఒచ వ ఇకగ దెస్ క’ అనండి. మీ వయసువాళ్ళయితే ‘నొమిమసెన్ క’ చాలు.

మీరే అనుమతి అడగాల్సి వస్తే, ఉదాహరణకు త్వరగా ఇంటికి వెళ్ళడానికి, ‘కఎరితై దెస్’ అని ఖరాఖండిగా అనొద్దు. ‘హయకు కఎరితై న్ దెస్ గ...’ అని చివర సాగదీసి వదిలేయండి. మిగతాది అవతలివాళ్ళే పూరించుకుంటారు.